అక్కకు ఒక్క మాట

పోయిన వారం పొద్దున్నే తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. "టీచరమ్మ వాళ్ల అక్కనయ్యా, అద్దంకి దగ్గర్నుంచి. చెల్లి పోయింది. మా ఇంట్లోనే, నిద్రలో. మీకు చెప్పాలి గదా అని చేశా" అంది అవతలి గొంతు. ఆ గొంతు వినడం నాకదే మొదటిసారి. కానీ ఆవిడ గురించి ఎంతో విని ఉన్నాను.

గుంటూరు బ్రాడీపేటలో ఒక క్లినిక్ మేడ మీద గదిలో ఆదివారాలు కథలు రాయడం నేర్పుతుంటాను. వచ్చేవాళ్లంతా కాలేజీ పిల్లలు. వాళ్ల మధ్య అరవై దాటినవారు టీచరమ్మ ఒక్కరే. చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించి రిటైరైన మనిషి. ఎవరి కథలోనైనా తప్పు కనబడితే పెన్సిల్‌తో సున్నా చుట్టకుండా ఉండలేకపోయేవారు. పిల్లలు విసుక్కుంటే, "చేతి అలవాటు నాన్నా, నీ కథ జోలికి రాలేదులే" అని నవ్వేవారు.

ఆవిడ మొదటి కథ ఒక అక్క గురించి. తల్లి చనిపోతే, కర్మకాండలన్నీ అయ్యాక గానీ చెల్లెలికి కబురు చెప్పని అక్క. ఆవిడే చదివి వినిపించారు. అది సొంత కథేనని, అక్కాచెల్లెళ్లకు ఏళ్ల తరబడి మాటల్లేవని మాకు అర్థమైంది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

నాకు మాత్రం ఏదో వెలితిగా అనిపించింది. కథంతా చెల్లెలే మాట్లాడుతోంది.

"అక్కకు ఒక్క మాటైనా ఇవ్వండి" అన్నాను.

"ఏమని ఇవ్వనండీ? ఎందుకు చెప్పలేదో అక్కా చెప్పలేదు, నేనూ అడగలేదు" అంటూ కాగితాలు సంచీలో పెట్టేసుకున్నారు.

తర్వాత కొన్నివారాలు రాలేదు. నొప్పించానేమోనని బాధపడ్డాను. ఒక ఆదివారం వచ్చి, అందరూ వెళ్లేదాకా ఆగి, అద్దంకి బస్సెక్కి అక్క దగ్గరికి వెళ్లొచ్చానని చెప్పారు. అక్క కళ్లంలో మిరపకాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరుతోందట. ఈవిడా పక్కన కూచుని కాసేపు ఏరి, అప్పుడు అడిగారట. తల్లి పోయిన రోజుల్లో టీచరమ్మ పెద్ద ఆపరేషనై గుంటూరు ఆస్పత్రిలో ఉన్నారు. "అమ్మే వద్దందే. కుట్లు పచ్చిగా ఉంటయ్, బస్సు కుదుపులకి చిన్నది తట్టుకోలేదు, లేచి తిరిగిందాకా చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుంది" అందట అక్క. మరి ఇన్నేళ్లూ చెప్పలేదేమంటే, నువ్వు అడిగితే గదా అందట.

"నా కథ పాడైపోయింది మాస్టారూ" అన్నారు టీచరమ్మ. "అక్క మాత్రం దొరికింది."

మళ్లీ రాయమన్నాను. ఈసారి చిన్నతనం నుంచి మొదలుపెట్టారు గానీ కథ ముందుకు సాగలేదు. వివరాలు కనుక్కొస్తానని ఊరెళ్లి, కబుర్లలో పడి, వట్టి చేతులతో తిరిగొచ్చేవారు. కోపంతో రాసినప్పుడు చెయ్యి దానంతటదే పరిగెత్తిందని, ఇప్పుడు ప్రతి వాక్యానికీ అక్క ఒప్పుకుంటుందా అని ఆగాల్సి వస్తోందని అనేవారు. నేను ఏళ్ల తరబడి రాస్తున్నాను గానీ, అలా ఆగడం నాకు ఆవిడ దగ్గరే అలవాటైంది. ఇప్పుడు నా కథలో ఎవరినైనా చెడ్డగా చూపించబోతే, ముందు ఆ మనిషి ఏమంటుందో వినాలనిపిస్తోంది.

నిన్న అక్క వాళ్ల ఊరు వెళ్లాను. అక్క మూడో తరగతితో బడి మానేసిన మనిషి. నేను వెళ్లేసరికి వరండాలో చెల్లెలి కళ్లజోడు పెట్టుకుని, సగంలో ఆగిపోయిన ఆ కథని కూడబలుక్కుంటూ చదువుతోంది. చిన్నప్పుడు చెల్లెల్ని వీపున ఎక్కించుకుని వాగు దాటించిన చోటుకి వచ్చింది. నన్ను కూచోమని సైగ చేసి, చదువుతూ చదువుతూ ఒకచోట ఆగింది.

"మోకాళ్లదాకా నీళ్లని రాసిందయ్యా. నడుం దాకా వచ్చినయ్. దానికేం తెలుసు, నా వీపు మీదుంది."

పమిట చెంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. అదే వాక్యం మీద మళ్లీ వేలు పెట్టి, మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టింది.