పెన్షన్ రాకముందే పెన్షన్ కాపురం

మా ఆయన రాయచూరు థర్మల్ ప్లాంటులో రిటైర్ కావడానికి ఇంకా ఏడాది ఉందనగా మా ఇద్దరికీ ఒక పందెం పడింది. రిటైరయ్యాక కాలనీలో క్వార్టర్ ఖాళీ చేయాలి కదా. ఆయనేమో తెనాలి దగ్గర తన ఊరికి పోదామంటాడు. అక్కడ అన్నదమ్ముల ఇంట్లో ఆయన వాటాకు రెండు గదులున్నాయి, అద్దె బాధ ఉండదు. నేను రాయచూరు పక్కన యరగేరలో పుట్టినదాన్ని. రాయచూరు దాటి బతకడం నా వల్ల కాదు.

"పెన్షన్ డబ్బుల్లో అద్దె కట్టుకుంటూ రాయచూర్లో ఎలా బతుకుతామే? కూర్చుని తింటే కొండలైనా కరిగిపోతాయి" అన్నాడు.

"బతికి చూపిస్త, నువ్వే చూడు. వచ్చే నెల నుంచే సురువు చేద్దాం" అన్నాను.

భర్తను నువ్వు అంటానని ఆయన వైపు ఆడవాళ్లకు మొదటినుంచీ నామీద గుర్రు. మా దిక్కు అది మర్యాద తక్కువ కాదు. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి చెప్పడం మానేశాను.

పందెం ఇది. పెన్షన్ ఎంత వస్తుందో అంతలోనే ఏడాదిపాటు ఇల్లు నడపాలి. మిగతా జీతం బ్యాంకులోనే ఉండాలి, ముట్టుకోకూడదు. రాయచూర్లో రెండు గదుల ఇంటికి అద్దె కూడా కట్టినట్టే తీసి పక్కన పెట్టాలి. ఏడాది చివరికి లెక్క కుదిరితే రాయచూరు, లేకపోతే తెనాలి. నెలాఖరు సాయంత్రం క్యాలెండర్‌లో ఆ నెల కాగితం చింపి, దాని వెనక నేను చెప్తుంటే ఆయన ఖర్చులు రాసేవాడు.

మొదటి నెలే బోర్లా పడ్డాను. మూఢం పోయి అన్ని పెళ్లిళ్లూ ఒక్కసారి వచ్చిపడ్డాయి, చదివింపులకే పర్సు ఖాళీ. ఆయన కూడిక వేసి మీసాల్లో నవ్వుకున్నాడు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండింది. అంతే, కొంగు బిగించాను. మూడు పాల ప్యాకెట్లు రెండయ్యాయి. అంగట్లో బియ్యం మానేసి సిరవారలో మిల్లు నుంచి బస్తా తెప్పించాను. ఇంటికి తెలుగు పేపరొకటి, కన్నడ పేపరొకటి వచ్చేవి. ఒకటి మాన్పించాను. ఆయన రెండు రోజులు అలిగి, మూడో రోజు నుంచి పక్కింటికి పోయి చదువుకుని వచ్చాడు.

ఎంత చేసినా టీపొడి, చక్కెర, గ్యాస్ మాత్రం దిగిరాలేదు. కారణం ఇద్దరికీ తెలుసు. ఆడవాళ్లకు బస్సు టికెట్ లేకుండా అయినప్పటి నుంచి యరగేరలో ఉన్న మా అక్క, ఆమె ఇద్దరు కోడళ్లు ఏ పని మీద రాయచూరు వచ్చినా ఇంకో బస్సెక్కి మా కాలనీకి వచ్చేవాళ్లు. వస్తూ పుంటికూర కట్టలు తెచ్చేవాళ్లు. అది గోంగూర అని ఆయన, పుంటికూర అని మేము. ఆ తగాదా ముప్పై ఏళ్లుగా తెగలేదు. రాగానే చాయ్, మధ్యాహ్నం అన్నం, మళ్లీ చాయ్, సాయంత్రం బస్సు దాకా ముచ్చట్లు.

ఒక నెల సిలిండర్ ముందే అయిపోతే అక్కకు ఫోన్ చేశాను. "అక్కా, రిటైరయినంక ఈడ ఉండాలంటే ఈ పందెంల నా హిసాబ్ కలవాలె, లెక్క తప్పొద్దు. జర ముందుగాల చెప్పి రాండ్రి." నా దృష్టిలో అదొక పెద్ద మాట కాదు. పెట్టేశాను, మరిచిపోయాను.

ఆ తర్వాతి నెల లెక్క కుదిరింది. దాని తర్వాతి నెలా కుదిరింది. అప్పటినుంచి నన్ను పట్టేవాళ్లు లేరు. "మీ అక్క వాళ్లు రావట్లేదేంటి?" అని ఆయన ఒకటి రెండుసార్లు అడిగాడు. పత్తి ఏరే రోజులు గదా అన్నాను. నా చూపంతా కాగితం మీదే ఉంది.

పందెం ఇంకొక్క నెల ఉందనగా యరగేర పోయాను. అక్క వేడి వేడి జొన్నరొట్టె కంచంలో వేసింది. "ఏందక్కా, మా ఇంటి దారే మరిచినవ్?" అన్నాను.

"మరవలే. నీ హిసాబ్ కలవాలె గదా! నువ్వు ఓడితె మరిది నిన్ను తెనాలి తీస్కపోతడు. అందుకే కోడండ్లకు చెప్పిన, పందెం అయ్యేదాంక చిన్నమ్మ ఇంటికి పోవొద్దని."

చిన్న కోడలు వంటింటి గడప దగ్గర నిలబడి నవ్వింది. కడుపు తెలుస్తోంది. ఐదో నెలట. చెకప్ కోసమని మూడుసార్లు రాయచూరు వచ్చి, బస్టాండులో చాయ్ తాగి, అట్నుంచి అటే వెనక్కి వచ్చేసిందట. ఎవరి కోసం ఈ ఊరు వదలనని పందెం కట్టానో వాళ్లే నా గెలుపు కోసం నా ఇంటికి రావడం మానేశారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే. అక్కను నోటికొచ్చినట్టు తిట్టి, ఏడ్చి, ఇంకో రొట్టె వేయించుకుని తిన్నాను.

ఆఖరి నెలాఖరున ఆయన కూడిక వేశాడు. లెక్క కుదిరింది. అప్పుడు జరిగిందంతా చెప్పి, "ఇంకొక పద్దు రాయి. వచ్చేపోయేటోళ్లు" అన్నాను. మునుపటి నెలల్లో ఎంతయ్యేదో అంతా వేయించాను. మొత్తం పెన్షన్ మీద పన్నెండు వందలు ఎక్కువైంది.

"ఓడిపోయావుగా" అన్నాడు. ఈసారి మీసాల్లో నవ్వు లేదు.

"ఓడిన. ఈ పద్దు లేని ఇల్లు నాకొద్దు."

ఆయన కాగితం పక్కకు జరిపాడు. "మా ఊళ్లో అయితే ఈ పద్దుకి ఎంత రాస్తావు?"

"నాకేమెరుక? నీ ఊరు, నువ్వే రాయి."

కళ్లజోడు తీసి ఒక్కొక్కరినీ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. అన్నదమ్ముల పిల్లలు తలోచోట స్థిరపడ్డారు, వాళ్ల వెంటే అన్నదమ్ములూ వెళ్లిపోయారు. చిన్నప్పటి స్నేహితుడొకడు ఉండేవాడు, నిరుడు పోయాడు. "సున్నా" అన్నాడు చివరికి. "అక్కడ మన గడప తొక్కేవాళ్లెవరూ లేరే." మళ్లీ కలం తీశాడు. "ఆ రెండు గదులూ అద్దెకిచ్చేద్దాం. నెలకు పన్నెండొందలకు తక్కువ రాదు."

పెళ్లయినప్పటి నుంచి ఆ గదుల తాళంచెవి ఆయన నాకు కూడా ఇవ్వలేదు. గెలిచినందుకు నాకు సంతోషం కలగలేదు, ఆయన్ను చూస్తే గుండె తరుక్కుపోయింది. చాయ్ పెట్టడానికి లేచాను. నేను తిరిగి వచ్చేసరికి ఆయనే మా అక్క నంబరు కలిపి ఫోన్ నా చేతికిచ్చాడు.

"అక్కా, ఆదివారం అందరు రాండ్రి. చిన్నదాన్ని తప్పకుండ తోల్కరా. పిలుస్తున్నది నేను గాదు, నీ మరిది."

అక్క మెల్లగా అడిగింది. "మరి నీ హిసాబ్?"

"మీరొస్తెనే కలుస్తదక్కా" అన్నాను.