ఒక పక్క మాత్రమే ఉన్న రైలింజన్

మా చిన్నప్పుడు... మెదక్‌లో మా ఇంటి అరుగు మీద ఒక రైలింజన్ తయారైంది. ఊరికేమో రైలే లేదు!

మా మేనమామ పట్నంలో ఆదివారం అంగట్లో ఒకదానికొకటి బిగుసుకునే ప్లాస్టిక్ ఇటుకలు సంచెడు కొనుక్కొచ్చాడు. ఫారిన్ ఆటవస్తువులు అప్పుడప్పుడే కనబడుతున్న రోజులు... తొమ్మిదో తరగతి చదివే మా అక్కకు ఒకటే పంతం. స్కూలు ఎగ్జిబిషన్‌లో గెలిచి సంగారెడ్డిలో జిల్లా పోటీకి పోవాలి. గోడ మీది క్యాలెండర్‌లో బొగ్గింజను బొమ్మ ఉండేది. దాన్ని చూసి గళ్ళ కాగితం మీద గడికో ఇటుక చొప్పున గీసుకుంది.

పాడైన టేప్‌రికార్డర్ మోటారు, రబ్బరు బ్యాండు, చక్రాలను కలిపే కడ్డీలకు సైకిల్ పుల్లలు... ఒకే రంగు ఇటుకలు చాలక బాయిలర్ సగం ఎరుపు, సగం పసుపు. నేను బ్యాటరీ తగిలించగానే కదిలింది! అమ్మ చేతిలో చాట జారిపోయింది.

"ఓ యవ్వ... నిజంగనే ఉరుకుతున్నదే ఇది!"

ఎగ్జిబిషన్ రోజు జడ్జిగా వచ్చిన సారు ముచ్చటపడి ఇంజన్ని ఎత్తి, అటు తిప్పారు. రెండో పక్క చక్రాలకు కడ్డీలే లేవు! అన్ని రోజులు చేస్తూ కూడా మా ఇద్దరికీ ఆ ధ్యాసే రాలేదు...

"ఇదేందమ్మా? ఈ దిక్కు ఏమాయె?"

"క్యాలెండర్ల గంతే ఉండె సార్. ఈ దిక్కు ఎట్లుంటదో మాకెట్ల తెలుస్తది? మా ఊరికి రైలొస్తదా?" అంది అక్క, ఏడుపు ఆపుకుంటూ.

సారు ఇంజన్ని మెల్లగా బల్ల మీద పెట్టారు. "పోయి రైలు చూసి రండ్రి. సరిచేస్తే సంగారెడ్డికి పంపిస్త" అన్నారు.

ఆదివారం నాన్న మమ్మల్ని బస్సులో మిర్జాపల్లి స్టేషన్‌కు తీసుకెళ్ళాడు. బండి వచ్చింది... డీజిల్ ఇంజన్! పొగగొట్టం లేదు, కడ్డీలు ఏ పక్కా లేవు. అక్క నోరు తెరుచుకుని నిలబడిపోయింది. నాన్న అక్కడి పోర్టర్‌ని అడిగాడు.

"బొగ్గింజన్లు బందయినయన్నా. ఇగ రావు" అన్నాడతను.

ఇంటికొచ్చి అక్క ఏడుస్తుందనుకున్నా. ఏడవలేదు. ఒక తెల్లకాగితం మీద రాసి ఆ ఖాళీ పక్కన అంటించింది... "ఈ పక్క మేము చూడలేదు. మా ఊరికి రైలు లేదు."

మళ్ళీ తీసుకెళ్ళి చూపిస్తే సారు అది రెండుసార్లు చదివారు. "గిట్లనే తీస్కపో బిడ్డా" అన్నారు.

సంగారెడ్డిలో బహుమతి రాలేదు. కానీ మన ప్రాంతానికి ఏదీ రాలేదని పెద్దలు గొంతు చించుకుంటున్న రోజులవి... ఆ కాగితం ముందు జనం ఆగి ఆగి చదివారు. అక్కను చూసి నాకు ఎంత గర్వమో!

ఇప్పుడు మెదక్‌కి రైలొస్తోంది. మొన్న నేనూ అక్కా చూడ్డానికి వెళ్ళాం. ఇంజన్ కూత పెట్టుకుంటూ వచ్చింది... ప్లాట్‌ఫారం మీద ఒక్కరంటే ఒక్కరూ తలెత్తి చూడలేదు. ఆ షాక్ నుంచి అక్క ఇంకా తేరుకోలేదు.

మీ ఊళ్ళో లేనిదాని కోసం మీరూ ఇలా తపించారా? ఏమిటది... చెప్పండి, వినాలని ఉంది.