చప్పుడు లేని లాంచి

సరంగుకి వినపడదు. బొత్తిగా కాదు. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే సగం అందుతుంది, మిగతా సగం ఆయనే ఊహించుకుంటాడు. ఆ ఊహల వల్ల రేవులో కొన్ని గొడవలయ్యాయి, అంతకన్నా ఎక్కువ నవ్వులయ్యాయి. యవ్వనమంతా డీజిల్ ఇంజను పక్కన నిలబడి లాంచి నడిపాడు. చెవుల్ని ఇంజను తినేసింది. బదులుగా అరచేతికి వినడం నేర్పింది. ఇంజను మీద చెయ్యి వేసి అది బాగుందో, అలిసిందో, ఆగబోతోందో చెప్పేవాడు.

"ఆయనతో మాట్లాడాలంటే చెవిలో కాదు, చేతిలో చెప్పాలి" అనేవారు రేవువాళ్ళు.

నదికి ఇటువైపు ఇళ్ళు, అటువైపు ఆసుపత్రి. మధ్యలో వంతెన వెనకటి యుద్ధంలో కూలింది. స్తంభాలు మాత్రం నీళ్ళలో మిగిలాయి.

సరంగు బావ పోయింది కూడా ఆ యుద్ధంలోనే. సరిహద్దు దగ్గర చమురు బావులకి కాపలా వేశారు ఆయన్ని. అవతలివాళ్ళు ఆ బావులు తమవన్నారు, ఇవతలివాళ్ళు కుదరదన్నారు. అక్క ఇంటికి మూసిన పెట్టె వచ్చింది. తెరవొద్దన్నారు. ఆమె తెరవలేదు. పసిపిల్లని చంకనేసుకుని పెట్టె పక్కన కూర్చుంది.

ఆ పిల్ల ఇప్పుడు గోదాములో మూటలెత్తే బ్యాటరీ బండ్లు బాగుచేస్తోంది. అక్కకి కిడ్నీలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు నది దాటి డయాలిసిస్ చేయించుకోవాలి. లాంచిలో చుక్కాని పక్క బల్ల ఆమెది. అక్కడ ఇంకెవరైనా కూర్చుంటే సరంగు ఏమీ అనడు. చూస్తాడు. వాళ్ళే లేస్తారు.

మళ్ళీ యుద్ధం మొదలైంది. మళ్ళీ ఆ బావుల కోసమే. డీజిల్ మొత్తం సైన్యానికి మళ్ళించారు. పంపు దగ్గర ఒక సిపాయి నిలబడి వచ్చినవాళ్ళని వచ్చినట్టే తిప్పి పంపేస్తున్నాడు. చమురు కోసం యుద్ధం, ఆ యుద్ధానికి చమురు. సరంగు ఖాళీ డబ్బా మోసుకుని ఇంటికొచ్చాడు.

"ట్యాంకు అడుగున ఉన్నదంతా గీకితే ఒక్కసారి పోయి రావచ్చు. ఆ తర్వాత లేదక్కా."

"లేకపోతే మానేస్తా. ఆ సూదులంటే నాకేమన్నా ముద్దా?"

"మానేస్తే ఏమవుతుందో తెలుసా?"

"నీకన్నా నాకే బాగా తెలుసు. నీకు డాక్టరు చెప్పింది సగమే వినపడింది."

మేనకోడలు నవ్వలేదు. మర్నాడు గోదాములో పక్కన పడేసిన ఒక మోటారు, నాలుగు బ్యాటరీలు తోపుడుబండి మీద తెచ్చి రేవులో దింపింది. లాంచి పైకప్పు మీద సౌరపలకలు పరుస్తానంది.

సరంగు మోటారుని కాలితో తట్టి చూశాడు. "ఇదా? నా లాంచికా? బొమ్మ పడవకి పెట్టుకో."

"నువ్వు డీజిల్ తే మావయ్యా, దీన్ని ఇప్పుడే వెనక్కి తీసుకుపోతా."

"ఏమన్నావ్?"

"వినపడింది నీకు! వినపడనట్టు నటించకు!"

ఆయన మొహం తిప్పుకున్నాడు. అప్పటిదాకా మెట్ల మీద కూర్చున్న అక్క నెమ్మదిగా లేచి, దగ్గరికొచ్చి, ఆయన చెవిలో చెప్పింది. అరవలేదు.

"మీ బావ ఆ నూనె కాపలా కాస్తూ పోయాడురా. ఇప్పుడు అది దొరక్క నేను పోవాలా? ఇంటికి ఒకళ్ళు చాలరా?"

ఈసారి సరంగుకి మాట మొత్తం అందింది. బావ కాపలా కాసిన నూనె ఏ రోజో తన లాంచిలోనూ కాలి ఉంటుందనే ఆలోచన ఆయనకి ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు వచ్చింది. వంగి, పాత ఇంజను బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు.

అక్క ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజునే లాంచి కదిలింది. కూరగాయల బుట్టలవాళ్ళు, ఇద్దరు టీచర్లు ఎక్కారు. మేనకోడలు ముందుభాగంలో బ్యాటరీల దగ్గర కూర్చుంది. ఒడ్డు సాఫీగా వెనక్కి జరిగింది.

నది నడిమధ్యలో సరంగు చెయ్యి అలవాటుగా మోటారు మీదకి పోయింది. చల్లగా ఉంది. వణుకు లేదు. ఆగిపోయిందనుకున్నాడు. ఆగిపోయిన ఇంజనుని ముందు కట్టేసి, మళ్ళీ అంటించడం పాత పద్ధతి. కట్టేశాడు. తిరుగుతున్నది కాస్తా నిజంగా ఆగిపోయింది. మళ్ళీ వేసి, చెయ్యి పెట్టి చూశాడు. వణకలేదు. మళ్ళీ కట్టేశాడు. లాంచి పక్కకి తిరిగి ప్రవాహంలో పడింది.

"సరంగూ, సముద్రం దాకా తీసుకెళ్తావా ఏంటి?" అని ఒక బుట్టలావిడ నవ్వింది. కూలిన వంతెన స్తంభాలు దగ్గరవుతుంటే ఆ నవ్వు ఆగింది.

"ఆపొద్దు మావయ్యా! అది తిరుగుతూనే ఉంది!" మేనకోడలు బుట్టలు దాటుకుంటూ వస్తోంది. ఆయనకి ఆమె నోరు కదలడమే కనిపించింది.

అక్క తమ్ముడి మణికట్టు పట్టుకుంది. మోటారు మీదనుంచి లాగి చుక్కాని కర్ర మీద పెట్టింది. రెండో చేత్తో తనే స్విచ్ వేసింది.

కర్ర వదులుగా ఊగుతోంది. ఒక్క క్షణం తర్వాత దాని కింద నీళ్ళు గట్టిపడ్డాయి. కర్ర బరువెక్కి ఆయన అరచేతిలోకి ఒత్తుకుంది. మోటారు పంకా తోస్తున్న నీళ్ళు. సరంగు ఆ బరువుకి ఎదురునెట్టాడు. లాంచి ముక్కు తిరిగింది. స్తంభం పక్కనుంచి, దాని మీది నాచు కనిపించేంత దగ్గరగా, లాంచి దాటిపోయింది.

మేనకోడలు వగర్చుకుంటూ వచ్చింది. "చప్పుడు రాదని ఒడ్డునే చెప్పాగా!"

"చప్పుడు నాకెప్పుడు వినపడి ఏడిసింది? వణకదని చెప్పావా?"

బుట్టలావిడ మళ్ళీ నవ్వింది. ఈసారి అందరూ నవ్వారు.

ఆసుపత్రిలో నర్సు అక్కని మంచం మీద పడుకోబెట్టి గొట్టాలు కలిపింది. పక్కన మంచాలు ఖాళీగా ఉన్నాయి.

"మీరెలా వచ్చారమ్మా? లాంచీలు లేవని అవతలి ఒడ్డు నుంచి ఎవరూ రావట్లేదు."

"మా తమ్ముడు తెచ్చాడు."

సరంగు ఆ మంచాల్ని చూశాడు. ఎవరెవరివని నర్సుని అడిగాడు. ఆమె గట్టిగా చెప్పింది. టైలరు, బడి వెనకవీధి ముసలాయన, కొత్తగా పెళ్ళైన పిల్ల. అందరూ తెలిసినవాళ్ళే.

"వాళ్ళని తీసుకొస్తే సాయంత్రంలోపు మిషను పెడతారా?"

"తీసుకురండి, మేముంటాం."

బయట మేనకోడలు లాంచి పైకప్పెక్కి పలకలు తుడుస్తోంది. ఆయన తాడు విప్పుతూ తలెత్తి అడిగాడు.

"ఇంకో రెండుసార్లు తిరగడానికి సరిపోతుందా?"

ఆమె కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఎండని చూసింది. తల ఊపింది.