సగం తెల్లగా వదిలిన గోడ

నన్నిప్పుడు ఆబ్‌స్ట్రాక్ట్ ఆర్టిస్టు అంటున్నారు. వీడికి బొమ్మలు రావు అనే సంగతిని ఇంతకంటే మర్యాదగా చెప్పే మాట ఇంకోటి ఉన్నట్టు లేదు. తొమ్మిదో తరగతిలో మా మాస్టారి బొమ్మ వేసి ఆయనకే చూపిస్తే, "గేదె బావుందిరా" అని మెచ్చుకున్నారు. ఆ ఏడాదితో బడికీ నాకూ చెల్లు.

తర్వాత వన్ టౌన్‌లో ఫ్లెక్సీల షాపులో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పుట్టినరోజులు, ప్రారంభోత్సవాలు, శ్రద్ధాంజలులు. ఫ్లెక్సీలో బొటనవేలంత ఖాళీ కనబడితే చాలు, "ఇక్కడ మా బామ్మర్దిని పెట్టు బావ" అనేవారు. బామ్మర్దులు అయిపోతే పావురాలు పెట్టేవాణ్ణి. కళ్ళు మూసుకున్నా మొహాలే. ఒక్కసారైనా కాస్త ఖాళీ ఉన్న బొమ్మ వెయ్యాలని చేతులు దురద పెట్టేవి.

చివరికి పోర్టు రోడ్డులో ఒక గోడ దొరికింది. గోడలకు బొమ్మలు వేయించే పని చూసే ఇంజినీరు గారు, "ఇది బాగుంటే ఆ పక్కనున్న పొడుగాటి గోడ కూడా నీకే" అన్నారు. అదీ దొరికితే షాపు మానేద్దామని నా లెక్క. మిగతా గోడల మీద అందరూ ఓడలూ డాల్ఫిన్లూ వేస్తున్నారు. నేను ఉప్పుగాలి తినేసిన ఇనుము రంగులో ఏటవాలుగా ఓ పెద్ద ముద్ద, పక్కనే సన్నటి నీలం చార వేసి, మిగతా సగం తెల్లగా వదిలేశాను. నిజానికి ఆ తెలుపు కోసమే మిగతాది వేశాను.

వేసినవాడు ఇంటికెళ్ళి పడుకోవాలి కదా! నాకు కాలు నిలవలేదు. షాపుకెళ్ళే ముందోసారి, వచ్చేటప్పుడోసారి, గోడకెదురుగా పిన్ని నడిపే టీ బడ్డీ దగ్గర తేలేవాణ్ణి. పిన్నంటే చుట్టరికం కాదు, ఆ రోడ్డులో అందరికీ ఆవిడ పిన్నే. ఆ గోడ వేసింది నేనని అక్కడెవరికీ చెప్పలేదు. జనం ఏమంటారో చాటుగా వినాలని. జనం ఏమీ అనలేదు. అసలు అటు చూస్తే కదా అనడానికి! భరించలేక నేనే మొదలుపెట్టాను.

"ఏటి బావ ఆ గోడ? ఎవుడో రంగు డబ్బా తన్నేసి పారిపోయినట్టున్నాడు" అన్నాను, పక్కనున్న ఆటో అతనితో.

అతను వెనక్కి తిరిగి చూసి పకపకా నవ్వాడు. "సగమే తన్నాడు బావ. మిగతా సగానికి డబ్బా దొరకనేదేమో!"

ప్రాణం లేచొచ్చింది. మర్నాడు ఇంకోటి వదిలాను: అది సింహాచలం కొండెక్కలేక మధ్యలో కూలబడ్డ బస్సని. వారం తిరిగేసరికి నేను లేకపోయినా అక్కడ బస్సు జోకులు నడుస్తున్నాయి. ప్రతివాడూ గోడ చూస్తున్నాడు. తిట్టించుకోవడంలో ఇంత సుఖముందని అప్పటిదాకా తెలీదు.

అప్పుడు ఇంజినీరు గారు పిలిపించారు.

"పబ్లిక్ ఒప్పుకోవట్లేదయ్యా. రంగు డబ్బా తన్నేశారంట. కొండెక్కలేని బస్సంట. మా డ్రైవరు కూడా అదే మాట. ఆ ఖాళీలో ఏదో ఒకటి వేసెయ్, కనీసం ఓ చేప."

అన్నీ నా మాటలే, పొల్లు పోకుండా తిరిగొచ్చాయి.

"సార్, ఆ పబ్లిక్ నానే" అన్నాను.

"నీకన్నీ వేళాకోళాలే" అన్నారాయన.

పరుగున టీ బడ్డీకొచ్చి, "ఎంత బావుందో చూడండి, ఆ తెలుపులో గాలాడతన్నాది" అని మొదలుపెట్టాను. ఆటో అతను నా నుదురు తాకి చూశాడు. "నిన్నటిదాకా బస్సన్నావు. ఇయ్యాల గాలాడతన్నాదా? ఎండ తగిలినాదేటి బావ?"

చేప మాత్రం వెయ్యనన్నాను. కొన్నాళ్ళకి నా తెలుపు మీద వేరే అతను డాల్ఫిన్ వేశాడు. పొడుగాటి గోడా అతనికే వెళ్ళింది. నేను షాపులోనే ఉన్నాను, బామ్మర్దులతో. ఆదివారాలు సబ్బవరం వెళ్ళి, అక్కడి కొత్త కాలనీవాళ్ళని ఓ గోడ ఇమ్మని అడుగుతున్నాను. వాళ్ళింకా అవుననలేదు, కాదనలేదు.

డాల్ఫిన్‌ని మొదటిసారి చూసిన రోజు కడుపు మండి పిన్నికి నిజం చెప్పేశాను. "ఆ గోడ నాది పిన్నీ. నా తెలుపంతా పాడుచేసి దాన్ని ఎవుడేశాడో గానీ..."

పిన్ని టీ వడకట్టడం ఆపలేదు.

"ఎవుడో ఏటి నాయినా? కుంచె ఆడిది, నోరు నీది."