రంగు పడని పెట్టె

మా అపార్టుమెంటుకి రంగులేస్తున్నారు. లిఫ్టు తలుపు తెరుచుకోగానే గుప్పుమనే ఆ పెయింటు కంపు కింద ఇంకో కంపు ఉంది, పురుగుల మందుది, తీపి కలిసిన కుళ్లులాంటిది. లిఫ్టు పక్కన వాడకుండా వదిలేసిన మీటర్ల గూట్లో తేనెటీగలు పట్టు పెట్టాయి. ఆదివారం దాకా ఆగండి, పెట్టెలోకి మార్చి నేనే పట్టుకుపోతానని అసోసియేషన్ సెక్రటరీని బతిమాలాను. అలాగేనండీ అని తలూపిన పెద్దమనిషి, నేను బ్యాంకు డ్యూటీకి వెళ్లిన పూట చూసి మందు కొట్టించేశాడు. నేనొచ్చేసరికి వరండా నిండా ఈగలే, కొన్ని ఇంకా వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్నాయి. మూడో అంతస్తు ఆవిడ వాటిని తొక్కుకుంటూ వచ్చి, స్టీలు గిన్నె చాపి, తేనె ఏమైనా మిగిలిందా అని అడిగింది. మందు కొట్టిన తేనె. మందు కొట్టినవాళ్లు పట్టు పిండి ఇచ్చారు కూడా. ఛీ, ఏం మనుషులో.

రంగు కంపంటే నాకు చిన్నప్పటి నుంచీ రోత. నాన్న పోర్టు వర్క్‌షాపులో పనిచేసేవాడు. ఓడలకి వేయగా డబ్బాల అడుగున మిగిలిన రంగుని పారేయడానికి మా క్వార్టర్స్‌లో ఎవరికీ చేతులొచ్చేవి కావు. అందుకే గేటు, స్టూలు, ఉయ్యాల, కోళ్లగూడు, మొక్కల డబ్బాలు, చివరికి రోకలి పిడి కూడా, అయితే ఇటుక ఎరుపు, లేకపోతే ఓడ బూడిదరంగు. ఎండాకాలం ఆ స్టూలు మీద కూర్చుని లేస్తే గౌను అతుక్కుపోయి చిరచిరమనేది. ఆరేసిన బట్టల మీద పోర్టు నుంచి ఎగిరొచ్చే ఇనుప ఖనిజం ధూళి ఎర్రగా పేరుకునేది, తలుపు తీస్తే టర్పెంటైను. డిసెంబరులో నాన్నకి రంగుల పిచ్చి మరీ ముదిరేది కాబట్టి, క్రిస్మస్‌కి అమ్మ వండిన గులాబీ పువ్వులు కూడా నోట్లో పెట్టుకుంటే పెయింటు వాసనే వేసేవి.

ఆ ఇంట్లో రంగు అంటనివి నానమ్మ మంచం కింది పనస చెక్కలొక్కటే. పుట్టింటి వాళ్ల చెట్టు పడిపోతే ఆనందపురం నుంచి కోయించి తెచ్చుకుంది, తన శవపేటిక కోసం. నాన్న బ్రష్షు పట్టుకున్న రోజల్లా ఆ మంచం మీంచి దిగేది కాదు. “సచ్చాక కూడా నన్ను నీ ఓడల కంపులో తొంగోమంటావేటిరా” అనేది. తనదేమీ సుగంధం కాదు. అడ్డపొగ అలవాటు, అంటే చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. ఆ నోటి కంపూ, మంచం పక్కన ఆ ఉమ్మి డబ్బా ఇప్పటికీ మరుపుకి రావు. అయినా రాత్రుళ్లు ఆమె పక్కనే పడుకునేదాన్ని, కిందనుంచి వచ్చే పనస వాసన కోసం.

ఓ ఏడు ఈస్టరు ముందు మా చర్చిలో, కాలితో తొక్కే పాత హార్మోనియం పాడై మూలన పడి ఉంటే, దాని పొట్టలో తేనెటీగలు చేరాయి. పాస్టరుగారి ప్రసంగం పొడవునా ఝుమ్మని శ్రుతి. చివరికి కానుకల సంచి పట్టుకుని తిరుగుతున్న సంఘపెద్దని చెవి మీద కుట్టింది ఒకటి. ఆయన చెవి పట్టుకునే, “పండక్కి సున్నమెయ్యాల. కిరసనాయిలు పోసి ముట్టించీండి” అన్నాడు. ఆడవాళ్ల చాప మీంచి నానమ్మ లేచింది. “ఊపిరున్నవాటిని గుడిలో కాల్సకండయ్యా. నాను తీసుకెల్తాను.” ఆయన ఒప్పుకున్నాడుగానీ, మళ్లీ ఇక్కడ ఒక్క ఈగ కనబడితే మాత్రం ఊరుకోనన్నాడు.

మర్నాడు నానమ్మ ఆ చర్చిలోనే చుట్ట వెలిగించింది. నిప్పు నోట్లో ఉంటుంది కాబట్టి ఆమె ఊదితే పొగ రెండో కొసనుంచి సన్నగా, గురిగా వెళ్లేది, చేతులు రెండూ ఖాళీ. దేవుడి సన్నిధిలో అడ్డపొగేమిటని సంఘపెద్ద మొహం తిప్పుకున్నాడు. నానమ్మ పట్టులు ఒక్కొక్కటే కోసి, వెదురు పుల్లలకి అరటినారతో కట్టి, ఈగలని చేటతో మెల్లగా ఎత్తింది. పళ్లెం పట్టుకున్నది నేను. పిల్లపురుగులు వేళ్ల కింద చితికి తెల్లగా కారుతుంటే నాకు వాంతి తన్నుకొచ్చింది. “కక్కుకుంటే బైట కక్కుకోయే గుంటా, పల్లెం మాత్రం వొదిలీకు” అంది.

పెట్టె చేసింది నాన్న. వానకి నానిపోకూడదని, లోపలా బయటా రెండేసి పూతలు ఓడ రంగు కొట్టాడు. మా వీధిలో రంగెయ్యని చెక్కంటే అరకొర పనే మరి. పెరట్లో మునగచెట్టు కింద పెట్టిన ఆ పెట్టెలోంచి మర్నాటికల్లా ఈగలన్నీ బిలబిలా బయటికొచ్చి, గోడ దాటి, తిన్నగా హార్మోనియానికే పోయాయి. ఆదివారం ఆరాధన కాగానే తగలబెడుతున్నామని సంఘపెద్ద కబురు పెట్టాడు.

నానమ్మ ఖాళీ పెట్టెలో ముక్కు పెట్టి, ఖాండ్రించి ఉమ్మింది. “ఈగలకి ఇల్లు కట్టమంటే ఓడ కట్టినావేటిరా.” తర్వాత వంగి, మంచం కిందనుంచి రెండు పనస చెక్కలు లాగి నాన్న ముందు పడేసింది.

“అమ్మా, అవి నీయి కదా” అన్నాడు నాన్న.

“నానిప్పుడే పోతన్నానేటి. అవి పోతన్నాయి. కొయ్యి.”

ఆదివారం రాకముందే నానమ్మ మళ్లీ చుట్ట వెలిగించి, ఈగలని ఆ రంగెయ్యని పనస పెట్టెలోకి ఎత్తుకొచ్చింది. ఈసారి నిలిచాయి. మునగ పూతకీ వేప పూతకీ పెట్టె బరువెక్కేది. చర్చిలో కోతల పండుగ కానుకల వేలంలో మా మొదటి సీసా తేనెని పట్టుబట్టి పాడుకున్నది ఆ సంఘపెద్దే, సిగ్గులేకపోతే సరి. మిగిలిన చెక్కలు శవపేటికకి చాలవు కాబట్టి, కొత్తవి తెస్తాన్లే అమ్మా అని నాన్న ఏటా అనేవాడు. ఏడాది మీద ఏడాది గడిచిపోయింది.

నానమ్మ వానాకాలంలో, చెప్పాపెట్టకుండా పోయింది. ఆసుపత్రి దగ్గరి కొట్లోంచి అప్పటికప్పుడు పేటిక తెచ్చారు. ప్లైవుడ్డు, మీద తళతళలాడే పూత, ఇంకా సరిగ్గా ఆరనైనా లేదు. జీవితమంతా రంగు పీల్చిన నాన్న, ఆమె కొంగు సర్దడానికి వంగి, ఒక్కసారిగా వెనక్కి వచ్చేశాడు. “రంగు కంపు. ఒద్దంది గదా” అని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఆ తర్వాత నాన్న బ్రష్షు పట్టుకోవడం నేను చూడలేదు.

ఇప్పుడు ఆ క్వార్టర్స్ లేవు, మునగచెట్టు లేదు, చర్చిలో హార్మోనియం పోయి కీబోర్డు వచ్చింది. అడ్డపొగా పోయింది, దానికి మాత్రం నాకేం బెంగ లేదు. ఈగల పెట్టె నా దగ్గరే ఉంది. అటక మీంచి దింపి, కడిగి, ఎండబెట్టి, ఆదివారం కోసం ముందే బాల్కనీలో సిద్ధంగా పెట్టుకున్నాను. చచ్చిన ఈగలని వరండాలోంచి చేటతో నేనే ఎత్తాను, కొన్నిటి కాళ్లకి పసుపు పచ్చటి పుప్పొడి ముద్దలు అలాగే ఉన్నాయి. వాటిని మందార కుండీలో పూడుస్తుంటే, తాడుకి వేలాడుతూ రంగులేసే కుర్రాడు బాల్కనీ దగ్గరకి దిగాడు.

“డబ్బాలో కొంచెం మిగిలిపోనాదమ్మా. ఈ పెట్టెకి కూడా కొట్టీమంటారా?”

“వద్దు బాబూ” అన్నాను. “అది మా నానమ్మది. ఆవిడకి గిట్టదు.”