సినిమా తీసుకెళ్లిన ముఖం

నాగాయలంకలో ఎండుచేపలు అమ్మే అంకమ్మకి కన్నతల్లి గుర్తు లేదు. ఉప్పెన వచ్చిన ఏడు ఆమె అప్పుడప్పుడే నడక నేర్చిన పిల్ల. జ్వరం తగ్గట్లేదని మేనత్త పాపాయమ్మ గుడివాడ తీసుకెళ్లి తన దగ్గర ఉంచుకుంది కాబట్టి బతికింది. తల్లి నీళ్లలో కలిసిపోయింది. ఫొటో మాట అటుంచి, చీరపీలిక కూడా దొరకలేదు.

గుడివాడలో బడికి వెళ్లే రోజుల్లో టీచరమ్మ ఒక పుస్తకం ఇచ్చింది. దాని పేరు 'తాటిమట్ట పడవ'. ఏటి మధ్య లంకలో వలలు అల్లుకుని బతికే గౌరి, ఆమె కూతురు చిట్టి కథ. బొమ్మల్లేవు. గౌరి నవ్వితే చెంపలు పొంగేవని ఒకచోట, ఒంటినిండా ఉప్పువాసనని ఇంకోచోట, అంతే రాశారు. ఆ కాస్తలోంచే ఒక ముఖం వచ్చి అంకమ్మ కళ్లలో కూర్చుంది. అదే అమ్మయింది. పెళ్లిపీటల మీద దానికే దణ్ణం పెట్టుకుంది. కాన్పు నొప్పుల్లో దాన్నే పిలిచింది.

గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ చదువుతున్న కూతురు తేజస్విని ఒకరోజు ఫోన్ చేసింది. "అమ్మా, నీ పుస్తకాన్ని సినిమాగా తీశారే! గుడివాడలో ఆడుతోంది. వచ్చెయ్."

అంకమ్మ పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని వెళ్లింది. తెర మీద గౌరి కనబడగానే "ఈమె కాదు" అని గొణిగింది. ఆ నటిది సన్నటి కోలముఖం, పెద్దపెద్ద కళ్లు. కానీ బాగా చేసింది. ఇంటర్వెల్ అయ్యేసరికి అంకమ్మ గొణగడం మానేసింది. ఆఖర్న హాల్లో అందరితోపాటు ఏడ్చింది.

"బాగుందా అమ్మా?"

"బాగుందే." నిజంగానే అంది.

తిరుగు బస్సులో చల్లపల్లి దాటాక, ఎప్పటిలా ఆ ముచ్చట అమ్మకి చెప్పుకుందామని కళ్లు మూసుకుంది. నటి వచ్చింది. అదే కోలముఖం, అదే కాటుక. ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. మళ్లీ మూసింది. మళ్లీ ఆమే.

నిద్రపోతే పోతుందనుకుంది. పోలేదు. సంతలో బేరం మధ్యలో కళ్లు మూసుకుని నిలబడిపోతుంటే, "ఏం అంకమ్మా, ఒంట్లో బాగోలేదా?" అని అడిగేవాళ్లు. అన్నం సయించలేదు.

"సినిమాలో బొమ్మేగా అమ్మా, నాలుగు రోజులాగితే అదే పోతుంది," అంది తేజస్విని ఫోన్లో.

"అది పోవడం కాదే. మీ అమ్మమ్మ పోయింది." అంది అంకమ్మ. "ఒకసారి పోయింది చాలక, నేనే టిక్కెట్టు కొనుక్కుని వెళ్లి మళ్లీ పోగొట్టుకున్నాను."

పుస్తకం చదివితే తిరిగొస్తుందేమోనన్న ఆశతో బందరు లైబ్రరీకి వెళ్లింది. లైబ్రేరియన్ విజయ్ కుమార్ గారు లోపలి బీరువాలో వెతికి, అంచులు చిరిగిన పాత ప్రతిని తెచ్చిచ్చారు. అక్కడే కూర్చుని, వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది. మొదటి పేజీలోనే తలుపు తీసింది ఆ నటి. గౌరి వల అల్లుతోందని ఉంటే నటే అల్లింది. గౌరి నవ్విందని ఉంటే నటే నవ్వింది. చెంపలు పొంగలేదు.

అంకమ్మ లేచి ఆయన బల్ల దగ్గరికి వెళ్లింది. "అండీ, సినిమా రాకముందుది ఇంకోటి ఉందా?"

"ఇది అప్పటిదేనమ్మా. ఒక్క అక్షరం కూడా మారలేదు."

"మరి ఈమె ఎట్లా దూరిందండీ ఇందులోకి?"

ఆయనకి అర్థం కాలేదు. ఆమె ఏడుస్తుంటే చూడలేక, తన కార్డు మీదే రాసుకుని పుస్తకం ఇచ్చి పంపారు.

అట్నుంచటే గుడివాడ బస్సెక్కింది. మేనత్త అరుగు మీద మంచంలో కూర్చుని ఉంది.

"అత్తా, మా అమ్మ ఎట్లా ఉండేది?"

"నల్లగా, పొట్టిగా ఉండేది. పెద్దనోరు. రేవులో అరిస్తే అవతలి ఒడ్డుకి వినబడేది."

"ముఖం అత్తా, ముఖం?"

పాపాయమ్మ గుర్తు తెచ్చుకోబోయింది. "కళ్లకి ఆనడం లేదే. ఎన్నేళ్లయింది!"

"ఇన్నాళ్లూ చెప్పలేదేం నాకు?"

"నువ్వెప్పుడడిగావని?"

నిజమే, అడగలేదు. కళ్లలో అమ్మ ముఖం ఉన్నవాళ్లు ఎందుకడుగుతారు? అత్తకి అన్నీ గుర్తున్నప్పుడు అడిగే అవసరం రాలేదు. అవసరం వచ్చేసరికి అత్తకి గుర్తు లేదు.

మంచం పక్కనే చతికిలబడి మిగిలిన పుస్తకం చదివింది. చిట్టికి గౌరి తల దువ్వే ఘట్టం వచ్చింది. ఒక పేజీయే. సినిమాలో అది లేదు, వదిలేశారు. చదువుతుంటే నటి రాలేదు. రెండు చేతులు వచ్చాయి. వలతాడు ఒరుసుకుని కాయలు కాచిన వేళ్లు, పాయ తీస్తూ, చిక్కు దగ్గర ఆగుతూ. ఆ చేతులు అంకమ్మకి తెలుసు.

ముఖం కోసం ఎదురుచూసింది. తల దువ్వేవాళ్లు వెనకుంటారు. చిట్టికి కనబడదు, చదివేవాళ్లకీ కనబడదు.

పేజీ తిప్పింది. మళ్లీ ఆ నటి. గబగబా వెనక్కి తిప్పింది.

"అన్నం తిందువు గాని రావే," అని అత్త ఇంట్లోంచి పిలుస్తోంది. అంకమ్మ ఆ పేజీ మీద అరచెయ్యి ఆనించి అట్లాగే కూర్చుంది. చేతులున్నాయి. ముఖం రాలేదు.