మొక్కజొన్న పిండి మీద బూట్ల చప్పుడు

వెర్లన్ టాకెట్‌కు ఫిడేలు ఎవరూ నేర్పలేదు. ఇళ్లలో డాన్సులు జరిగే శనివారాల్లో తండ్రి పక్కన కూర్చుని ఆయన వేళ్లు ఎక్కడ పడుతున్నాయో చూసి పట్టేశాడు. తండ్రి పోయాక ఆ ఫిడేలు అతనిదైంది, లోపల వేసి ఉన్న, గిలకలా గలగలమనే ఎండిన గిలకపాము తోకతో సహా. అది ఉంటే ఎలకలు చేరవని ముసలాయన నమ్మకం.

దుమ్ము తుఫాన్ల ఏళ్లలో, డాన్సులకు వాయించే హాలిస్ క్రెన్‌షా బ్యాండులో ఫిడేలు వాయించే మనిషి మానేశాడు. రెండు సాయంత్రాలు వాయించమని, నచ్చితే పెట్టుకుంటానని క్రెన్‌షా వెర్లన్‌కు కబురు పెట్టాడు. పెట్టుకోకపోతే మళ్లీ పత్తి ఏరడమే.

మొదటి సాయంత్రం స్వీట్‌వాటర్ ఊరి డాన్సు హాల్లో ఒంటరిగా వాయించే తన వంతు రాగానే వెర్లన్ వచ్చిందంతా గుమ్మరించాడు. ఆడుతున్న జంటలు ఒక్కొక్కటే ఆగి, వేదిక దగ్గరకొచ్చి ఈలలు వేసి చప్పట్లు కొట్టాయి. చెమట తుడుచుకుంటూ నవ్వుతూ దిగాడు.

"ఎలా ఉందండీ?"

"హాలంతా ఆపేశావు," అన్నాడు క్రెన్‌షా. "మనల్ని పిలిచింది వాళ్లను ఆడించడానికయ్యా. నోరు తెరుచుకుని చూడాలంటే సర్కస్ ఉంది. రేపు కూడా ఇంతే అయితే నీ దారి నీది."

టికెట్లమ్మే ఓపల్ అంతా విన్నది.

"చప్పట్లు మూట కట్టుకున్నావా? చేలో పనికొస్తాయి."

"ఎగతాళి తర్వాత. నువ్వూ ఆడావుగా, ఎక్కడ చెడిందో చెప్పు."

"నువ్వు గాల్లోకి వెళ్లిపోయావు. అడుగెక్కడ వెయ్యాలో తెలీక నాతో ఆడేవాడు నా కాలు తొక్కాడు. చూడు, ఎలా వాచిందో!"

మర్నాడు వెర్లన్ పెందరాళే వచ్చాడు. బూట్లు జారడానికి ఓపల్ నేల మీద మొక్కజొన్న పిండి చల్లుతోంది.

"కాస్త ఆడి చూపిస్తావా?"

"జోడీ లేకుండానా? పిచ్చిదాన్ననుకుంటారు."

"ఎవరూ లేరులే."

ఆమె ఆడింది. సర్ర్, సర్ర్, టక్. అతను కళ్లు మూసుకుని ఆ చప్పుడు విన్నాడు.

ఆ సాయంత్రం తన వంతులో ఎంత దూరం వెళ్లినా ఆ 'టక్' దగ్గరకు తిరిగొచ్చాడు. ఒక్క జంటా ఆగలేదు, ఒక్కరూ వేదిక వైపు చూడలేదు. చప్పట్లు లేవు. పని పోయిందనుకుని ఫిడేలు పెట్టెలో సర్దుకుంటుంటే క్రెన్‌షా వచ్చాడు.

"సోమవారం పొద్దున్నే మన బ్యాండు బస్సు. ఆలస్యం చెయ్యకు."

బ్యాండు ఉన్నన్నాళ్లూ వెర్లన్ అందులోనే ఉన్నాడు. ఓపల్‌ను పెళ్లాడాడు. టీవీలొచ్చి హాళ్లు మూతపడ్డాక షెడ్డులో ఫిడేళ్లు బాగుచేశాడు. ముసలితనంలో ఊరివాళ్లు కచేరీకి పిలిచి, హాలు నిండా కుర్చీలు వేశారు. అతను కమాను ఎత్తలేదు.

"ముందున్నవి తియ్యండి బాబూ. ఆడేవాళ్లు ఎక్కడ ఆడతారు?"

కుర్చీలు లాగారు. ఒక ముసలి జంట లేచింది.

"పిండి చల్లలేదుగా," అంది ఓపల్.

"'టక్' వినబడుతుందిలే," అని మొదలుపెట్టాడు.